బ్రేకు వేసినవాడే ఓడిపోయే పందెం

2023 జూన్ 15వ తేదీ. స్విట్జర్లాండ్ దేశమంతా చుట్టివచ్చే సైకిలు పందెంలో అది అయిదో రోజు. ఆల్బులా అనే కొండ కనుమ ఎక్కి, అవతలి వైపు ఘాట్ రోడ్డు మీదుగా దిగి, లా పుంట్ అనే ఊళ్ళో ఆనాటి పందెం ముగించాలి. శిఖరం నుంచి గమ్యానికి సుమారు పది కిలోమీటర్లు. ఆ దిగుడులో గినో మేడర్ అనే 26 ఏళ్ళ స్విస్ యువకుడు మలుపు తప్పి లోయలో పడ్డాడు. కింద నీళ్ళలో కదలిక లేకుండా ఉన్నవాణ్ణి పైకి తీసి, అక్కడికక్కడే వైద్యం చేసి, హెలికాప్టర్‌లో ఆస్పత్రికి చేర్చారు. మర్నాడు కన్నుమూశాడు. 2021లో స్పెయిను పందెంలో తనకంటే వెనుక వచ్చిన ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క యూరో చొప్పున లెక్కగట్టి పర్యావరణం పనికి విరాళమిచ్చిన కుర్రవాడు అతను.

మేడర్ పడిన సాయంత్రమే వాదన మొదలయింది. అప్పటి ప్రపంచ విజేత, బెల్జియం ఆటగాడు రెమ్కో ఎవనపూల్ నిర్వాహకులను తప్పుపట్టాడు. శిఖరం మీదే గమ్యం పెట్టడానికి వీలుండగా ఇటువంటి దిగుడు చివర పెట్టడం సరికాదన్నాడు. అభిమానుల్లో ఒక వర్గం దీన్ని ఒప్పుకోలేదు. రోడ్డు బాగానే ఉంది, దిగడం కూడా ఈ ఆటలో ఒక విద్యే, వేగం తగ్గించుకోవడం ఎవరి చేతిలో వారికుంది అన్నారు. ఇంకొందరు మరో ప్రశ్న వేశారు. గమ్యం దిగువన ఉన్నప్పుడు బ్రేకు వేసేవాడెవడు?

అసలు ప్రశ్న ఈ మూడోదే. మొదటి రెండూ ప్రతి ప్రమాదం తరువాతా వినబడేవే. తప్పు రోడ్డుదా, ఆటగాడిదా అని రెండు పక్షాలు చీలి నాలుగు రోజులు కొట్లాడుకుని ఇంకో పందెంలో పడిపోతాయి. బ్రేకు సంగతి అక్కడే ఉండిపోతుంది.

పత్రిక వేసిన ఎత్తు

సైకిలు అనగానే పాల క్యాన్లూ బడి సంచులూ గడ్డిమోపులూ గుర్తుకొచ్చే పల్లెల్లో, దాని మీద బతికే ఆటగాళ్ళుంటారంటే వింతగానే ఉంటుంది. ఈ పందేల్లో పెద్దది టూర్ ద ఫ్రాన్స్. తన అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో ప్యారిస్‌లోని ఒక పత్రిక వేసిన ఎత్తు అది. ఎత్తు పారింది. ఏటా వేసవిలో మూడు వారాలపాటు, 21 రోజుల పందెంగా, సుమారు మూడున్నర వేల కిలోమీటర్లు నడుస్తుంది. ఇటలీ, స్పెయిను దేశాల్లో కూడా ఇటువంటి మూడు వారాల పందేలున్నాయి. జట్టుకు ఎనిమిది మంది చొప్పున నూట డెబ్భై మందికి పైగా ఒకేసారి రోడ్డెక్కుతారు. స్టేడియం ఉండదు, టిక్కెట్టు ఉండదు. పందెం ఊళ్ళ మీదుగా పోతుంది. జనం ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తారు. ఒక విధంగా అది తిరునాళ్ళ.

అంతమంది గుంపుగా పోవడానికి కారణం గాలి. ముందువాడి చాటున పోతే శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. అందుకే ముందు సైకిలు వెనుక చక్రానికీ, వెనుక సైకిలు ముందు చక్రానికీ మధ్య జానెడు ఎడం, ఒక్కోసారి బెత్తెడు ఎడం. సమతలం మీద గంటకు 50, ఆఖరి పరుగులో 60, 70, ఘాట్ దిగుడులో 90 కిలోమీటర్లు దాటిన వేగం. ఒంటి మీద పలచని బనియను గుడ్డ, తల మీద హెల్మెట్. అంతే. ముందు ఒకడు తూలితే వెనుక ఇరవై మంది పడతారు. 1903లో టూర్ విజేత సగటు వేగం గంటకు 26 కిలోమీటర్ల లోపు. 2025లో 42 దాటింది. కొండలతో కలిపి లెక్కించిన సగటు ఇది. రోడ్లు మెరుగయ్యాయి, సైకిళ్ళు మెరుగయ్యాయి. ఎముకలు మాత్రం అప్పటివే.

ఇంత వేగంలో భయం వేసినవాడు బ్రేకు వేయవచ్చు. ఎవరూ కాదనరు. కాని అతను వేసిన మరుక్షణం పది మంది అతన్ని దాటిపోతారు. మలుపు మొదటి స్థానంలో తిరిగినవాడికి దారి కనబడుతుంది. నలభయ్యో స్థానంలో తిరిగినవాడికి ముందువాడి వీపే కనబడుతుంది. అందువల్ల ముందుండడమే క్షేమమని జట్టు కార్లోంచి రేడియోలో చెబుతారు. అన్ని జట్లకూ అదే మాట అందుతుంది. ఇద్దరు పట్టే సందులోకి నూట డెబ్భై మంది దూరాలని చూస్తారు. చాలామందికి ఒప్పందాలు ఒకటి రెండేళ్ళవే. పైగా మూడేళ్ళ పాయింట్లు కూడి, వెనుకబడిన జట్టును పై శ్రేణి నుంచి దించే పద్ధతి వచ్చింది. 2022 చివర ఒకసారి, 2025 చివర ఒకసారి ఆ లెక్క తేల్చారు. ఇరవయ్యో స్థానానికీ ముప్ఫయ్యో స్థానానికీ కూడా ఒక జట్టు బతుకు ముడిపడి ఉన్నప్పుడు, "నిదానంగా దిగవచ్చుగా" అని ఇంట్లో కూర్చుని అనడం తేలిక.

సైకిళ్ళకు డిస్క్ బ్రేకులు వచ్చినప్పుడు ప్రమాదాలు తగ్గుతాయని కొందరు ఆశించారు. బ్రేకు బాగా పడుతుంది కదా, మలుపు ఇంకా దగ్గరికి వచ్చాక వేద్దామని ఆటగాళ్ళు అనుకోసాగారని మరికొందరు అభిమానుల వాదన. ఈ వాదనలో పస ఉంది. ఒక్కడి చేతికిచ్చిన సాధనం గెలుపు సాధనమే అవుతుంది. అందరికీ కలిపి పెట్టిన నిబంధన ఒక్కటే రక్షణ అవుతుంది.

హెల్మెట్ కథ

దీనికి సాక్ష్యం హెల్మెట్. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పందేల్లో హెల్మెట్ తప్పనిసరి చేయబోయింది. ప్యారిస్-నీస్ పందెంలో ఆటగాళ్ళు సమ్మెకు దిగారు. ఉక్కపోత అన్నారు, బరువన్నారు, తల మాది, నిర్ణయమూ మాదే అన్నారు. సమాఖ్య వెనక్కి తగ్గింది. హెల్మెట్‌ను మోటారు సైకిలు అద్దానికి తగిలించి, ఊరి పొలిమేరలో పోలీసు కనబడితే తలకు పెట్టుకునేవారికి ఈ వాదనలు కొత్తగా అనిపించవు.

నాలుగేళ్ళ తరువాత, 1995 జూలై 18న, టూర్‌లో పిరనీస్ పర్వతాల్లోని పోర్టె దాస్పే దిగుడులో కొందరు ఆటగాళ్ళు పడ్డారు. వారిలో ఇటలీకి చెందిన ఫాబియో కసార్టెల్లి ఒకడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ స్వర్ణ పతక విజేత. వయస్సు 24. ఇంట్లో నెలల బిడ్డ. రోడ్డు అంచున ఉన్న సిమెంటు దిమ్మెకు తల తగిలింది. హెల్మెట్ లేదు. ఆ రోజే చనిపోయాడు. మర్నాడు ఆటగాళ్ళెవరూ పోటీపడలేదు. అందరూ కలిసి నెమ్మదిగా తొక్కి, చివర అతని జట్టువాళ్ళను ముందు పోనిచ్చారు. ఐరోపా అంతా కన్నీరు పెట్టింది. హెల్మెట్ మాత్రం తప్పనిసరి కాలేదు.

అందుకు ఇంకో ప్రాణం పోవలసి వచ్చింది. 2003 మార్చిలో, అదే ప్యారిస్-నీస్ పందెంలో, కజకిస్తాన్ ఆటగాడు ఆంద్రే కివిలెవ్ పడి తలకు దెబ్బ తగిలి మరణించాడు. రెండు నెలలు తిరక్కుండా సమాఖ్య హెల్మెట్ నిబంధన తెచ్చింది. అప్పుడు కూడా గొణిగినవారున్నారు. ఆఖరి కొండ ఎక్కేటప్పుడు తీసేయవచ్చునని మొదట్లో ఒక సడలింపు కూడా ఇచ్చారు. తరువాత అదీ పోయింది. ఇప్పుడు హెల్మెట్ లేని ఆటగాణ్ణి ఊహించడమే కష్టం. అందరి తల మీదా అదే బరువు, అందరికీ అదే ఉక్కపోత. ఎవరూ నష్టపోలేదు. సమ్మె చేసిన 1991కీ, నిబంధన వచ్చిన 2003కీ మధ్య పోయిన పన్నెండేళ్ళకు సంజాయిషీ ఎవరూ ఇవ్వలేదు. ఆటగాళ్ళూ ఇవ్వలేదు, సమాఖ్యా ఇవ్వలేదు.

అయితే హెల్మెట్‌తోనే అంతా తీరిపోలేదు. 2011 మే 9న ఇటలీ పందెంలో బోకో కనుమ దిగుతూ బెల్జియం ఆటగాడు వౌటర్ వేలాంట్ చనిపోయాడు. తల మీద హెల్మెట్ ఉంది. తల తరువాత చూడవలసింది రోడ్డు.

స్పీడు బ్రేకర్లే శత్రువులు

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఐరోపా పల్లెల్లో కార్ల వేగం తగ్గించడానికి దశాబ్దాలుగా రోడ్ల మీద రకరకాల అడ్డంకులు కట్టుకుంటూ వచ్చారు. ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు, కూడలిలో గుండ్రటి దిమ్మె, నడిరోడ్డు మీద డివైడరు, కార్లు ఆపకుండా ఇనుప గుంజలు. ఊళ్ళో పిల్లల క్షేమం కోసం పెట్టినవే అవన్నీ. మంచి పనే. కాని గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిళ్ళ గుంపుకు అవే ఉరులవుతున్నాయి. దిమ్మె దగ్గర ఒక మనిషి పసుపు జెండా ఊపుతూ ఈల వేస్తాడు. గుంపు వాగులాగా రెండు పాయలై అటూ ఇటూ పోతుంది. ఏ పాయలోనో ఒకడు జెండా చూడడు.

2015 ఏప్రిల్‌లో స్పెయినులోని బాస్క్ ప్రాంతపు పందెంలో జరిగింది చూస్తే నిర్లక్ష్యం ఏ పాటిదో తెలుస్తుంది. బిల్బావో నగరంలో ఆఖరి పరుగు. గమ్యం కొద్ది వందల మీటర్లు కూడా లేదు. రోడ్డు పక్కన ఇనుప గుంజలున్నాయి. వాటిని పీకలేదు, గడ్డి మోపులు కట్టలేదు. నెత్తిన ప్లాస్టిక్ టోపీలు పెట్టి వదిలేశారు. అమెరికా ఆటగాడు పీటర్ స్టెటినా వాటికి కొట్టుకుని కాలి ఎముక, మోకాటి చిప్ప, పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. ఈ ప్రమాదం మీద మాత్రం అభిమానుల్లో రెండు పక్షాలు లేవు. ఆటగాడు గుంజను చూసుకోవలసింది అన్నవాడు లేడు.

2020 ఆగస్టు 5న పోలండ్‌లోని కటోవిట్సే నగరంలో జరిగిన దాని మీద మాత్రం ఇప్పటికీ చల్లారని తగవుంది. అక్కడ గమ్యం పల్లంలో ఉంటుంది. ఆఖరి పరుగు పల్లంలోకి కావడంతో వేగం గంటకు 80 కిలోమీటర్లు. అది ప్రమాదకరమని ఆటగాళ్ళు అంతకుముందు కూడా మొరపెట్టుకున్నారు. ఆ రోజు డచ్చి ఆటగాళ్ళు ఇద్దరు, డిలన్ గ్రూనెవేగన్, ఫాబియో యాకబ్‌సన్, పక్కపక్కనే గమ్యం వైపు దూసుకొచ్చారు. గ్రూనెవేగన్ తన దారి తప్పి పక్కకు జరిగాడు. యాకబ్‌సన్ బారికేడ్లలోకి పడ్డాడు. బారికేడ్లు ఆపలేదు, ఎగిరిపోయాయి. యాకబ్‌సన్‌ను రెండు రోజులపాటు స్పృహ లేకుండా ఉంచవలసి వచ్చింది. ముఖానికి 130 కుట్లు పడ్డాయి. పళ్ళు పోయాయి.

గ్రూనెవేగన్‌కు తొమ్మిది నెలల నిషేధం వేశారు. తప్పు చేశాడు, శిక్ష పడింది. తానూ ఒప్పుకున్నాడు. కాని పల్లంలో గీత గీసినవారికీ, గాలికి ఎగిరే బారికేడ్లు పెట్టినవారికీ ఎన్ని నెలలు పడ్డాయి? అభిమానుల కోపమంతా ఒక్క మనిషి మీదికి మళ్ళింది. అతని కుటుంబానికి బెదిరింపులు వచ్చాయి. ఇంటికి పోలీసు కాపలా పెట్టవలసి వచ్చింది. కనబడే దోషి దొరికితే కనబడని దోషి గురించి అడిగేవారు తగ్గిపోతారు. తరువాత సమాఖ్య బారికేడ్ల విషయంలో కొత్త ప్రమాణాలు తెచ్చింది. అంటే లోపం బారికేడ్లలో కూడా ఉందని తేలినట్టే.

యాకబ్‌సన్ మళ్ళీ సైకిలెక్కాడు. 2022 టూర్‌లో రెండో రోజు పందెం గెలిచాడు. మూడో రోజు గెలిచింది గ్రూనెవేగన్. సినిమాలో చూపిస్తే నమ్మరు.

రోడ్డు పక్కన నిలబడ్డవారు

ఆటగాళ్ళను, నిర్వాహకులను నిలదీసే అభిమానులు తమ సంగతి కూడా చూసుకోవలసి ఉంది. 2021 జూన్ 26న టూర్ మొదటి రోజునే ఒక ప్రేక్షకురాలు అట్టముక్క పట్టుకుని రోడ్డు మీదికి వంగింది. అట్ట మీద తాతకూ అమ్మమ్మకూ రాసిన పలకరింపు. ఆమె చూపు టీవీ కెమెరా వైపు ఉంది, వీపు వచ్చే గుంపు వైపు ఉంది. జర్మనీ ఆటగాడు టోనీ మార్టిన్ అట్టకు కొట్టుకుని పడ్డాడు. అతని వెనుక రోడ్డు నిండా ఆటగాళ్ళు కూలారు. మార్క్ సోలెర్ అనే స్పెయిను ఆటగాడికి రెండు చేతులూ విరిగాయి. బ్రెస్ట్ న్యాయస్థానం ఆమెకు 1200 యూరోల జరిమానా వేసింది. ఆటగాళ్ళ సంఘానికి ఒకే ఒక్క యూరో నామమాత్రపు పరిహారం ఇప్పించింది. జైలుకు పంపాలని అరిచినవారు చాలామందే ఉన్నారు. సంక్రాంతికి ఎడ్ల పందెం దగ్గర తాడు దాటి లోపలికి వంగి చూసినవారు తామెన్నిసార్లు వంగారో గుర్తు చేసుకుంటే ఆ కోపం కొంత తగ్గుతుంది. ఆమె దుర్మార్గురాలు కాదు. చూడలేదు.

అన్నీ అలా సరిపెట్టుకోదగ్గవి కావు. 1975లో పుయ్ ద దోమ్ కొండ మీద ఎడ్డీ మెర్క్స్ కడుపులో ఒక ప్రేక్షకుడు గుద్దాడు. అయిదుసార్లు టూర్ గెలిచిన మెర్క్స్ ఆరోది గెలవలేకపోయాడు. 2016లో వాంటూ పర్వతం మీద జనం దారి మూసేయడంతో మోటారు సైకిలు ఆగి, దాని వెనుక ఆటగాళ్ళు పడ్డారు. సైకిలు విరిగిన క్రిస్ ఫ్రూమ్, పసుపు చొక్కా మీద, కాలినడకన కొండెక్కి పరుగెత్తాడు. లోకమంతా నవ్వుకుంది. 2018లో ఆల్ప్ దువే కొండ మీద జనం మధ్య పడిపోయిన విన్సెంజో నిబాలికి వెన్నుపూస విరిగింది. ఎవరూ నవ్వలేదు. 2025 ప్యారిస్-రూబే పందెంలో ముందున్న మథ్యూ వాన్ డెర్ పూల్ ముఖం మీదికి ఒకడు నీళ్ళ సీసా విసిరాడు.

దీనికి విరుగుడుగా కొండల మీద టిక్కెట్టు పెట్టాలని, పొడవునా కంచె వేయాలని కొందరు అంటున్నారు. ఈ సలహా మంచిది కాదు. మూడున్నర వేల కిలోమీటర్లకు కంచె కట్టలేరు. కట్టినా అది పల్లెల పందెం కాకుండా పోతుంది. డబ్బున్నవాడికే దక్కుతుంది. జనం ఇరుకయ్యే ఆఖరి అయిదారు కిలోమీటర్ల కొండ దారిలో తాడు, కావలి మనిషి ఉంటే చాలు. కెమెరా మోటారు సైకిళ్ళనూ, అతిథుల కార్లనూ తగ్గించాలన్న సంగతి మాత్రం అభిమానులు గట్టిగా అడగాలి. 2011లో ఒక టీవీ కారు పక్కకు తిరిగి ఒక ఆటగాణ్ణి గుద్దితే, అతని పక్కనున్న జానీ హూగర్‌లాండ్ ముళ్ళ కంచెలో పడ్డాడు. 33 కుట్లు పడ్డాయి. పశువుల దొడ్డి కంచెలో చిక్కుకున్న దూడను తీసినవారికి ఆ దృశ్యం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. 2016లో ఒక బెల్జియం పందెంలో అంటువాన్ దెమ్వాతియే అనే కుర్రవాడు కిందపడ్డాక పందెం మోటారు సైకిలు తగిలి చనిపోయాడు. ఈ బండ్లు పందెంలో భాగం కావు. పందెం చూపించడానికి వచ్చినవి.

టీవీలో ఒక్కొక్క ప్రమాదాన్ని పదిసార్లు నెమ్మదిగా తిప్పి చూపడం కూడా ఆలోచించవలసిన విషయమే. ఎద్దు పుండు కాకికి ముద్దు.

ప్రమాదం లేకపోతే ఆటే లేదా?

"ప్రమాదం ఈ ఆటలోనే ఉంది, అది తీసేస్తే మిగిలేదేమిటి" అన్న వాదన చాలామంది అభిమానులది. దీన్ని కొట్టిపారేయకూడదు. ప్యారిస్-రూబే పందెం 1896 నుంచి జరుగుతున్నది. బండరాళ్ళు పరిచిన పాత పొలం బాటల మీద పరుగు అది. గెలిచినవాడికి బహుమతి కూడా రాయే. ఆ రాళ్ళు తీసి తారు పోస్తే ఆ పందెం చూడడానికి ఎవరూ రారు. అక్కడి ఆరెన్‌బెర్గ్ అడవి బాటలోకి గుంపు మహావేగంతో చొరబడుతుంది. 1998లో అక్కడ పడిన యోహాన్ మూసేవ్ మోకాలు చితికి, కాలు తీసేయవలసి వస్తుందా అన్నంత దాకా వచ్చింది. 2024లో ఆటగాళ్ళ సంఘం కోరగా నిర్వాహకులు అడవి ముందు ఒక మెలిక మలుపు పెట్టారు. వాన్ డెర్ పూల్ దాన్ని ఎగతాళి చేశాడు. అభిమానులు రెండుగా చీలారు. పందెం నాడు ఆ మెలిక దగ్గర పెద్ద ప్రమాదమేదీ జరగలేదు. గెలిచింది కూడా వాన్ డెర్ పూలే. రాళ్ళు రాళ్ళుగానే ఉన్నాయి. చేరే వేగం ఒక్కటే తగ్గింది.

ఇక్కడ తేడా గుర్తించాలి. రాళ్ళ బాట ఆటగాడికి తెలిసిన ప్రమాదం. దాన్ని దాటడమే అతని విద్య. ప్లాస్టిక్ టోపీ కింద దాగిన ఇనుప గుంజ ఎవరి విద్యకూ పరీక్ష కాదు. మొదటిదాన్ని ఉంచమని అభిమానులు పోరాడవచ్చు. రెండోదాన్ని సమర్థించడానికి ఆట పేరు వాడుకోవడం అన్యాయం.

కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయని కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి, దిగుడులో సీటు దిగి ముందు గొట్టం మీద కూర్చుని జారడాన్ని నిషేధించారు. 2025 జనవరి నుంచి ఫుట్‌బాల్‌లో మాదిరిగా పసుపు కార్డులు వచ్చాయి. ఆటగాళ్ళకే కాక జట్టు కార్ల వారికీ, మోటారు సైకిళ్ళ వారికీ వర్తిస్తాయి. పెద్ద గేర్లను తగ్గించి చూద్దామని 2025 అక్టోబరులో చైనాలోని ఒక పందెంలో ప్రయోగం తలపెడితే, విడిభాగాల కంపెనీ ఒకటి ఫిర్యాదు చేసింది. బెల్జియం పోటీ నియంత్రణ సంస్థ ప్రయోగాన్ని ఆపించింది. అందరికీ ఒకే నిబంధన అన్నప్పుడు ఎవరి సరుకుకు దెబ్బ తగులుతుందన్న లెక్క కూడా వస్తుంది మరి.

గంటకు పైగా అడవిలో

అన్నిటికంటె మనసు కలిచివేసేది మురియెల్ ఫురర్ ఉదంతం. 2024 సెప్టెంబరు 26న జ్యూరిక్ దగ్గర ప్రపంచ పోటీల్లో బాలికల పందెం. వాన పడుతున్నది. 18 ఏళ్ళ స్విస్ అమ్మాయి మురియెల్ అడవి మధ్య దిగుడులో పడిపోయింది. ఆమె పడిన సంగతి ఎవరికీ తెలియలేదు. గంటకు పైగా అలాగే పడి ఉందని వార్తలొచ్చాయి. ప్రపంచ పోటీల్లో ఆటగాళ్ళకు రేడియో లేదు. రేడియో ఉంటే జట్టువారే ఆట ఆడిస్తారు, పసందు పోతుందని ఏళ్ళ తరబడి అభిమానులు వాదిస్తూ వచ్చారు. పందెం సాగిపోయింది. ఆ అమ్మాయి మర్నాడు మరణించింది.

లారీ ఎక్కడుందో యజమాని ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకుంటున్న కాలమిది. ఆటగాళ్ళ సైకిలుకు అలాంటి పరికరం ఒకటి బిగించడానికి ఆ చావు దాకా ఆగారు. 2025 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని మహిళల పందెంలో దాన్ని పరీక్షించబోతే మళ్ళీ తగవు. జట్టుకు ఒకరి చొప్పున ఎవరు మోయాలో మీరే చెప్పండని సమాఖ్య అంది. చెప్పబోమని అయిదు జట్లు అన్నాయి. ఆ అయిదింటినీ పందెం నుంచి తీసేశారు. మురియెల్ పడిన దేశంలోనే, ఆమె పోయి ఏడాది తిరక్కముందే, పరికరం ఎవరు మోయాలన్న పంతానికి ఆటగత్తెలు ఇంటికి పోవలసి వచ్చింది. పంతం ఇరువైపులా ఉంది. తరువాతి నెల రువాండాలోని కిగాలీలో జరిగిన ప్రపంచ పోటీల్లో అందరికీ పరికరం అమర్చారు. అందరికీ పెట్టేసరికి తగవు లేదు.

అభిమానులు ఇక అడగవలసింది పెద్ద పెద్ద సంస్కరణలు కాదు. ప్రతి పందెంలో ప్రతి ఆటగాడికీ ఈ పరికరం ఉండాలి. ఘాట్ రోడ్డు దిగువన ఆఖరి గీత గీయకూడదు. శిఖరం మీద స్థలం లేకపోతే, దిగాక సమతలం మీద తగినంత దూరం ఇచ్చి గీయాలి. ఆఖరి పది కిలోమీటర్లను పందెం ముందు రోజు ఆటగాళ్ళ ప్రతినిధి స్వయంగా తొక్కి చూసి సంతకం పెట్టాలి. ప్రతి మరణం మీదా విచారణ జరిపి నివేదిక బయటపెట్టాలి. పందెం జరిపించుకోవడానికి ఊళ్ళు డబ్బు కడతాయి. ఆ ఊళ్ళవారికి ఇవి అడిగే హక్కు ఉంది.

ఆటగాళ్ళు ఒకసారి అడిగి చూశారు. ఆఖరి మూడు కిలోమీటర్లలో పడినవాడికి తాను ఉన్న గుంపు సమయమే ఇస్తారన్నది పాత నిబంధన. ఆ మూడుకు ముందు పడినవాడు వెనుకబడినట్టే. అందుకే మొత్తం పందెం గెలవాలనుకునేవారు కూడా ఆ మూడో కిలోమీటరు రాయి దాకా ఆఖరి పరుగువాళ్ళ మధ్య దూరి తొక్కుతారు. 2021 జూన్ 28న పోంటివీ ఊరి ఇరుకు దారుల్లో ఒకరి తరువాత ఒకరు కూలారు. సమయం లెక్కించే చోటు ఇంకా ముందుకు జరపమని ఆటగాళ్ళు అప్పటికే అడిగి ఉన్నారు. కుదరదన్నారు. మర్నాడు పందెం బయలుదేరిన కాసేపటికి గుంపు మొత్తం సైకిళ్ళు దిగి నిమిషంపాటు రోడ్డు మీద నిలబడింది. ఒక్కడు ఆగితే ఓడిపోతాడు. అందరూ ఆగారు కాబట్టి ఎవరూ ఓడలేదు. ఆ సాయంత్రం ఫుజేర్‌లో మార్క్ కావెండిష్ అయిదేళ్ళ తరువాత టూర్‌లో గెలిచి భోరున ఏడ్చాడు. అభిమానులందరూ అతని మాటే చెప్పుకున్నారు. నిమిషం సంగతి వెనక్కి పోయింది. ఆ మూడు కిలోమీటర్లను కొన్ని రోజుల పందేల్లో అయిదు దాకా పెంచే వెసులుబాటు టూర్‌లో వచ్చేసరికి 2024 అయింది.